ఎర్ర కుట్టు పైకి

మా అత్త పోయిన రోజు, ఆమెకు ఆఖరి స్నానం చేయించడానికి తెచ్చిన నీళ్లను కూడా వడగట్టారు. అట్లా చేయమని ఎవరూ చెప్పలేదు. ఎదురింటి వెంకటలక్ష్మక్క కాగు మూతికి తెల్లబట్ట కట్టింది. ఇంకొకామె కడవ వంచబోయింది. మూడో ఆమె వంగి, బట్ట మీది ఎర్ర కుట్టు పైకి ఉందో లేదో చూసి, "సరిగానే ఉండాది, పొయ్యి" అంది. సగం కడవ ఒంపాక గాని తాము చేస్తున్న పని వాళ్ల తలకెక్కలేదు. పోయిన మనిషి నీళ్లు తాగుతుందా ఏమన్నానా! ఒకామెకు నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకుంది.

"నవ్వద్దమే, లేచి కూసుంటాది" అని వెంకటలక్ష్మక్క గసిరింది. అన్నాక, తనే ఒకసారి మంచం వైపు తిరిగి చూసుకుంది.

అంత భయం ఆమె అంటే. ఊరికి ఆమె అంటే భయం, ఆమెకు నీళ్లంటే భయం. నా కాపురమంతా ఈ రెండు భయాల మధ్యే సాగింది. మొదటి దానితో మొదలుపెట్టి, తెలియకుండానే రెండో దాంట్లోకి దిగాను.

నేను తాడిపత్రి పిల్లను. పెన్నలో ఇసుక తోడి, చెలిమలో ఊరిన నీళ్లు దోసిలితో తాగి పెరిగాను. నీళ్లను చూసి భయపడేవాళ్లుంటారని పెళ్లయ్యేదాకా నాకు తెలియదు. పెళ్లయి కదిరి పక్కన ఈ మెట్ట ఊరికి వచ్చాను. వేరుశెనగ విత్తి మొగులు వైపు చూస్తూ కూర్చునే ఊరు. తాగడానికి అందరికీ ఒకటే దిగుడుబావి. చేద వేసి తోడే బావి కాదది. మెట్లు దిగి, పిక్కల దాకా నీళ్లలోకి నడిచి, కడవ ముంచుకుని, పనిలో పనిగా కాళ్లు కూడా కడుక్కుని పైకి రావాలి.

నేను కాపురానికి వచ్చిన పూట బండి దిగేసరికి నాలుక పిడచ కట్టుకుపోయి ఉంది. ఎవరో చెంబుతో నీళ్లిచ్చారు. నోటి దాకా ఎత్తానో లేదో, పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి చెంబు పట్టుకుంది.

"ఆగు. చూసి తాగు."

ఇంట్లో ఒకే ఒక గాజు గ్లాసు ఉండేది. మా అత్త చెంబులో నీళ్లు దాంట్లో పోసి, గుమ్మం బయటికి పోయి, ఎండకెత్తి, ఒక కన్ను మూసి చూసింది. ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. నేను, నాతో వచ్చిన మా చిన్నమ్మ, పెళ్లికొడుకు, అందరం నోరు తెరుచుకుని నిలబడ్డాం. కోడలికి విషం పెట్టేవాళ్లెవరన్నా ఉన్నారేమో ఈ ఇంట్లో అనుకున్నాను నేను. ఆమె చూడడం ముగించి గ్లాసు నా చేతికిచ్చి, "తాగు. గటగట తాగొద్దు, గుక్క గుక్క తాగు" అంది. సగం దాహం అప్పటికే భయంతో తీరిపోయింది.

ఆమె కుడి మడమ నేలకు ఆనదు. ఆ పాదం మునివేళ్ల మీద నిలిచి, గుర్రపు కాలిలాగా బిగుసుకుపోయి ఉండేది. నడుస్తుంటే ఒక అడుగు నిండుగా, ఒక అడుగు సగంగా వినిపించేది. ఆ చప్పుడు వింటే మా ఇంట్లో అందరూ సర్దుకుని కూర్చునేవారు. మా ఆయనకు అప్పటికే మీసాలు దట్టంగా ఉన్నాయి, ఊళ్లో పంచాయితీలకు పెద్దమనిషిగా పిలుస్తారు, అయినా తల్లి అడుగు వినిపిస్తే ఒకసారి చేతులు చూసుకునేవాడు, కడుక్కున్నానా లేదా అని.

చేతులకు కచ్చిక బూడిద. దొడ్డికి పోయొచ్చినా, పసరాలను ముట్టినా, పిల్ల ముక్కు తుడిచినా బూడిద. అన్నం పొద్దు ఉండగానే తినాలి. తింటూ మాట్లాడకూడదు, అట్లాగని కోపంగా కూర్చుని తినకూడదు. కోపంగా ఉంటే లేచి పెరట్లో నాలుగడుగులు నడిచి వచ్చి తినాలి. సంకటి ముద్దలోకి ఏదో ఒక ఆకు ఉండాల్సిందే, బెండ్లాకో చెంచలాకో పొలం గట్టున దొరికిందేదో. "పొట్టలో ఒక మూల కాళీ పెట్టు" అనేది ప్రతి పూటా. పండగనాడు ఓళిగ మీద ఓళిగ వేసుకుంటే చెయ్యి పట్టుకునేది. కరువు రోజుల్లో పలచటి అంబలి తప్ప ఏమీ లేని పూట కూడా, లేదు కదా అని పడుకోనిచ్చేది కాదు. అందరినీ వరసగా కూర్చోబెట్టి, ఆ పొద్దుకు ఆ అంబలి తాగించేది. "ఉన్నపొద్దు మితం, లేనిపొద్దు పస్తా? యాడుండాది ఆ న్యాయం?" అని అడిగేది. మధ్యాహ్నం ఎండలో కాసేపు నడుం వాల్చమనేది. ఎక్కువసేపు వాలిస్తే వచ్చి లేపేది. ఇవన్నీ వింటే బాగానే ఉంటాయి. పక్కనే ఉండి చేయించుకుంటే తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్దది నీళ్ల తతంగం. పొద్దున్నే కడవలు వచ్చాక, ఖాళీ కడవ మూతికి రెండు మడతలు పెట్టిన బట్ట కట్టి, నిండు కడవ నిదానంగా వంచేది. బట్ట ఒక పక్కన అంచు వెంబడి ఎర్ర దారంతో కుట్టు వేసుకుంది. కుట్టు ఉన్న పక్క ఎప్పుడూ పైకే ఉండాలి. నలుసులూ పురుగులూ ఆ పైపక్కనే నిలుస్తాయి. తెలియక బట్టను తిరగేసి కడితే, ఇందాక నిలిచినవన్నీ కొత్త నీళ్లతో కలిసి నేరుగా కడవలోకి దిగుతాయి. అందుకని "ఎర్ర కుట్టు పైకి" అని తనకు తానే పైకి చెప్పుకుని గాని కడవ వంచేది కాదు. పెళ్లిళ్లకు పోయేటప్పుడు ఆ బట్ట మడిచి నడుములో దోపుకునేది. వియ్యాలవారి ఇంట్లో కూడా బట్ట తీసి చెంబు మీద పరిచేది. మా ఆయన తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దిక్కులు చూసేవాడు.

దీనికంతా మూలం నారికురుపు. ఇప్పటి పిల్లలకు ఆ పేరు చెబితే తెలియకపోవచ్చు. ఎండాకాలం వస్తే మా పక్క ఊళ్లలో ఇంటికొకరు కాలు చాపుకుని కూర్చునేవారు. కాలి మీద పొక్కు లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మండుతుంది, పగులుతుంది, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. మూరెడు పొడుగు, ఒక్కోసారి రెండు మూరలు. కొందరు వేడి చేసిందనేవారు, కొందరు అమ్మవారనేవారు, కొందరు అది పురుగే కాదు, నరం అనేవారు.

నేను రాక ముందు ఒకసారి, నీళ్ల సంగతి చెప్పడానికి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడట. ఈ కథ నాకు వెంకటలక్ష్మక్క నవ్వుతూ చెప్పింది. ఆయన దిగుడుబావి నీళ్లు ఒక సీసాలో పట్టి ఎండలో పెట్టి, "చూడండమ్మా, ఆ ఎగిరే నలుసులు చూడండి. వాటి కడుపులో ఉంటుంది మీ నారి. ఇవాళ మింగితే, ఇంచుమించు ఏడాదికి కాలిలోంచి బయటికొస్తుంది" అన్నాడట. ఇవాళ తాగిన నీళ్లు ఏడాదికి కాలిలోంచి రావడమేమిటని అందరూ నవ్వుకుంటూ పోయారు. మా అత్త ఒక్కతే పోలేదు. ఆ సీసా ముందు కూర్చుని పొద్దు వాలేదాకా చూసిందట. ఆయనకు విసుగొచ్చి సీసా ఆమెకే ఇచ్చేసి పోయాడు.

నేనూ నవ్వినదాన్నే. "ఆ పురుగులు మీ అమ్మను చూసి ముందే చచ్చుంటాయి, మళ్లీ బట్ట ఎందుకు?" అనేదాన్ని మా ఆయనతో. కానీ ఎంత ఎగతాళి చేసినా, వడగట్టని నీళ్లు తాగడానికి నాకు ధైర్యం చాలేది కాదు. మా పాప పుట్టాక ఎగతాళి కూడా తగ్గింది.

పాపకు మూడేళ్లు నిండిన ఎండాకాలం అది. ముందటేడు వానలు లేవు. దిగుడుబావి అడుగుకు పోయింది. చివరి మెట్టు కింద ఇంత గుంటలో నీళ్లు, అందరి కాళ్లకూ కలకబారి ఉండేవి. తెచ్చిన రెండు కడవలతోనే రోజంతా సర్దుకోవాలి.

ఆ పొద్దున మా అత్త ఒక కడవ వడగట్టి, దాని మూతి మీది బట్ట విప్పి రెండో కడవకు కడుతోంది. ఉన్నట్టుండి సుడిగాలి లేచింది. మా మెట్టన ఎండాకాలం అవి లేస్తూనే ఉంటాయి. పెరటి నిండా దుమ్ము, చెత్త, శెనగ పొట్టు. గాలి ఆమె చేతిలోని బట్టను లాక్కుపోయి తడికెకు కొట్టింది. ఆమె ఆ సగం అడుగుతోనే పరిగెత్తి, తడికె మీంచి బట్ట తీసుకుని, దుమ్ము పడ్డ కళ్లు నలుపుకుంటూనే వచ్చి కడవకు కట్టింది. గాలికి నీళ్లల్లో ఇంకేమి పడుతుందోనని తొందరపడి కడవ వంచింది.

నేను పొయ్యి ముందర ఉన్నాను. పాప ఆటలోంచి వచ్చి నీళ్లడిగితే, అప్పుడే నిండిన కడవ మీది బట్టను ఒక పక్క తప్పించి, గ్లాసు ముంచి తాగించాను. మిగిలింది నేను తాగాను. ఆ గ్లాసును ఎండకెత్తి చూడాల్సిన మనిషి కళ్లు కడుక్కుంటోంది.

కడుక్కుని వచ్చి, బట్ట విప్పబోయి, ఆగిపోయింది. నేను ఆమె వైపే చూస్తున్నాను కాబట్టి చెప్పగలను, ఆమె మొహంలో రక్తం లేకుండా పోయింది. చేత్తో బట్ట అంచు తడిమింది. ఎత్తి కింద పక్క చూసింది. ఎర్ర కుట్టు కింద ఉంది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆ ఇంట్లో ఆమెను అడిగేవాళ్లు లేరు. ఏడాది తర్వాత ఏమొచ్చినా ఇంకెవరి నీళ్లనో అనొచ్చు. ఆమె మాత్రం నా దగ్గరికి వచ్చి నిలబడి, "కోడలా, ఈ నీళ్లు పాప తాగిందా?" అని అడిగింది.

"తాగింది."

"నువ్వు?"

"నేనూ తాగినా. ఏమయిందత్తా?"

"బట్ట తిరగబడింది. నేనే కట్టినా."

అని కడవ ఎత్తి పెరట్లో కుమ్మరించింది. ఆ కరువులో! గొంతు తడుపుకోవడానికి ఊరంతా కొట్టుకుంటుంటే ఒక నిండు కడవ నేల మీద పోయడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాత చూడలేదు. నేల గుటుక్కున తాగేసింది. ఆమె అక్కడే తడి మట్టిలో కూర్చుండిపోయింది. బట్టను అటూ ఇటూ తిప్పి, ఎర్ర కుట్టును వేళ్లతో తడుముతూనే ఉంది. అంతవరకూ ఆ పురుగు కథ నాకు సగమే నమ్మకం. ఆమె చేతులు చూశాక పూర్తిగా నమ్మాను.

"వాడికి సెప్పొద్దు" అంది, కొడుకు గురించి. "మొగోళ్లకు సెప్తే అరుస్తారు, మర్సిపోతారు. మనం మర్సిపోగూడదు."

ఆ ఏడాది గడవడం అంటే ఏమిటో నేను సరిగా చెప్పలేను. జబ్బు వస్తే మందు వేయొచ్చు. రాని జబ్బుకు ఏం చేస్తాం? లోపల ఉందో లేదో తెలియదు. ఉంటే ఎవరి లోపల ఉందో తెలియదు. నాకుంటే సరే అనుకునేదాన్ని. పాపకుంటే? మూడేళ్ల పిల్ల. నడక వచ్చినప్పటి నుంచీ నడిచింది లేదు, ఎటు పోయినా పరుగే. ఆ కాళ్లు చూస్తుంటే, పక్కనే మా అత్త కాలు కనిపించేది. అంత చిన్న పాదం మునివేళ్ల మీద నిలిచిపోయి, పెరిగి పెద్దదై, అట్లాగే సగం అడుగులు వేసుకుంటూ బతకడం ఊహకొచ్చేది.

పొద్దున్నే ఎండ గుమ్మంలోకి రాగానే మా అత్త పాపను కూర్చోబెట్టుకుని కాళ్లు చూసేది. తొడల నుంచి మొదలుపెట్టి అరచేత్తో నిదానంగా నిమురుతూ, వేళ్ల సందుల దాకా వచ్చేది. పాప చక్కిలిగిలికి కిలకిలా నవ్వేది. మేమిద్దరం నవ్వేవాళ్లం కాదు. దోమ కుట్టిన దద్దు కనిపించినా ఆ పూట మాకు ముద్ద దిగేది కాదు. ఒకసారి పల్లేరు ముల్లు గుచ్చుకుని పిక్క మీద బొబ్బ లేస్తే, రెండు రోజులు మా అత్త ఆ కాలు ఒళ్లోంచి దించలేదు. ముల్లు బయటపడ్డ రోజు, ముల్లును అరచేతిలో పెట్టుకుని దేవుడి పటం చూసినట్టు చూసింది.

నాకు భయంతో తిండి సరిగా పోయేది కాదు. రాత్రిళ్లు మేలుకునేదాన్ని. అది కనిపెట్టి ఒక పొద్దు కంచం ముందు నన్ను పట్టుకుంది.

"ఏమే, ఉపాసాలుంటే పురుగు సస్తాదా?"

"పోవడం లేదత్తా."

"పోనియ్యి లోపలికి. వచ్చేది వస్తాది. వచ్చినపొద్దు మనకు సత్తువ ఉండాల. పడుకునే పొద్దుకు పడుకో, తినే పొద్దుకు తిను. భయమా, అది ఉంటాది. దాన్ని పక్కన కూసోబెట్టుకొని తిను."

అట్లాగే తిన్నాను. ఆమె తన నియమాల్లో ఒక్కటీ ఆ ఏడాది సడలించలేదు, ఒక్కటీ పెంచలేదు. నేనైతే మొక్కులు, తాయెత్తులు, ఎవరేం చెబితే అదల్లా చేయాలని ఉరికేదాన్ని. ఆమె పోనిచ్చేది కాదు. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. నీళ్లు వడగట్టేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఎర్ర కుట్టు యాడుండాది?" అని అడిగేది. నేను "పైకుండాది" అంటే గాని కడవ వంచేది కాదు. తన కళ్ల మీద ఆమెకు నమ్మకం పోయింది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మళ్లీ ఎండలు ముదిరాయి. ఒక పొద్దున నా ఎడమ కాలి మడమ పైన గిలక పక్కన దురద పెట్టింది. సాయంత్రానికి బఠాణీ గింజంత పొక్కు. చూపించాను. ఆమె ఒక వేలితో తాకి, తల పంకించింది.

ఎవరూ నమ్మరు గాని, నాకు సంతోషం వేసింది. "నాకే వచ్చింది అత్తా, నాకే!" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"నీకొస్తే పాపకు రాదని యాడుండాది?" అంది ఆమె. చల్లారిపోయాను.

మూడో రోజు పొక్కు పగిలి తల కనిపించింది. ఆమె చీపురు పుల్ల విరిచి, ఉడుకు నీళ్లలో వేసి తీసి, ఆ దారం కొసను దానికి చుట్టింది. రోజూ పొద్దున తడిగుడ్డ వేసి, నానాక, ఇంత అంటే ఇంతే, గింజ పొడుగు లాగి పుల్లకు చుట్టి, పుల్లను కాలికి ఆనించి కట్టేది. నొప్పికి నేను అరిచేదాన్ని. "ఈ పొద్దుకు చాలు" అనేది. ఇంకొంచెం వచ్చేలా ఉన్నా లాగేది కాదు. మా ఆయన ఒకసారి వచ్చి చూసి, "ఒక్క దెబ్బకు పీకేస్తే పోతాది కదమ్మా" అన్నాడు. ఆమె తన కుడి పాదం ఎత్తి కొడుకుకు చూపించింది.

"ఇది ఒక్క దెబ్బకు పీకిందేరా నాయనా. మీ అవ్వ పీకింది. తెగి సగం లోపలే చచ్చింది. సీము పట్టి, నరం గుంజుకపోయింది. అందుకే ఇది నేలకు ఆనదు."

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నొప్పి ఒక రకం, మంట ఒక రకం. నొప్పి ఓర్చుకోవచ్చు. ఆ మంట మాత్రం కాలు కొలిమిలో పెట్టినట్టే. ఊళ్లో నారి వచ్చినవాళ్లంతా ఎందుకు పోయి దిగుడుబావిలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారో అప్పుడు తెలిసింది. చల్లటి నీళ్లు తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు. ఒక మధ్యాహ్నం మా అత్త నడుం వాల్చినప్పుడు, కర్ర పట్టుకుని కుంటుకుంటూ బావి దగ్గరికి పోయాను. మెట్ల కింద నీళ్లు కనిపించాయి. రెండు మెట్లు దిగాను. వెనక ఆ అడుగు వినిపించింది, ఒకటి నిండుగా, ఒకటి సగం. అంత వేగంగా ఎప్పుడూ వినలేదు.

ఆమె నన్ను దాటి కింది మెట్టు మీదికి దిగి, చేతులు రెండు పక్కల గోడలకు ఆనించి అడ్డంగా నిలబడింది. ఆయాసపడుతోంది.

"వద్దు."

"ఒక్క గడియ అత్తా. కాల్తాంది. నీ కాళ్లు మొక్కుతా, ఒక్క గడియ."

"వద్దంటి కదా."

"అందరూ పెడతాండారు! నాకొక్కదానికేనా?"

ఆమె తిట్టలేదు. కిందికి చెయ్యి చాపి, నీళ్ల పక్కన నున్నగా అరిగిపోయిన ఒక రాయి చూపించింది.

"నేనూ పెట్టినా. ఆ రాయి మీద కూసొని పెట్టినా. ఎంత సల్లగా ఉండెనో ఇప్పటికీ నా కాలికి గుర్తుండాది. పొద్దు మునిగేదాకా కూసునేదాన్ని. పొయ్యేటప్పుడు ఆ నీళ్లే కడవకు ముంచుకొని పోయి నా బిడ్డకు తాపినా."

నాకు అర్థం కాలేదు. నాకు తెలిసి ఆమెకు బిడ్డ నా మొగుడొక్కడే.

"ఏ బిడ్డకు?"

"వీనికంటే ముందు ఒకటి పుట్టింది. ఆడబిడ్డ. మరుసటేడు ఇట్లనే ఎండకాలం, మోకాలి కింద పొక్కు లేసింది. ఆకు పసర్లు పోసినాము. పేడ పట్టు ఏసినాము. పుండు మానుతాంది అనుకుంటాంటే దవడలు బిగుసుకున్యాయి. నీళ్లు నోట్లో పోస్తే పక్కకు కారిపాయ. గుక్కెడు గూడా లోపలికి పోలా." ఆమె గొంతు మామూలుగానే ఉంది, పప్పు ధర చెప్పినట్టు. "అమ్మవారి కోపమనుకున్యా. అందురూ అదే సెప్పినారు. ఆ ఇన్‌స్పెక్టరు సీసా ఎండలో పెట్టి, పుండున్నోళ్లు నీళ్లల్లో కాలు పెడితే పురుగు పిల్లలు పెడతాది, అవే మళ్లీ మీ కడుపులోకి పోతాయి అన్యాడే, ఆ పొద్దు తెలిసింది నాకు. అందురూ నవ్వుకుంటా పోయినారు. నాకు కాళ్లు లేయలా."

బావిలో గాలి లేదు. నా కాలు మండుతూనే ఉంది. దాని సంగతి నాకు గుర్తు లేదు. నేను భయపడ్డ మనిషి ఇన్నేళ్లూ ఎంత భయాన్ని మోస్తూ మా గ్లాసులు ఎండకెత్తిందో అప్పుడు తెలిసింది నాకు.

"రా, ఇంటికి పోదాం" అంది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని మెట్లెక్కాం. మూడు కాళ్లు కూడా సరిగా లేవు మా ఇద్దరికీ కలిపి.

ఇంటికి పోయి, ఆమె తొట్టి తెచ్చి నా ముందు పెట్టింది. తాగడానికి వడగట్టి ఉంచిన కడవ ఎత్తి మొత్తం దాంట్లో పోసి, నా కాలు పట్టుకుని ముంచింది. అబ్బ! ఆ చల్లదనం తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు మూతలు పడతాయి. మంట దిగాక, ఆ నీళ్లు తీసుకుపోయి ఊరి బయట బండ మీద ఎండలో పోసి వచ్చింది. పొద్దు వాలాక మా ఆయన చేను నుంచి వచ్చి కడవ వంచి చూసి, "నీళ్లేవి?" అన్నాడు.

"నీ పెండ్లాం కాలికి పోసినా" అంది.

"తాగేదానికి?"

"అంబలి ఉండాది. తాగి పడుకో."

పురుగు మొత్తం బయటికి వచ్చేసరికి తొలకరి మేఘాలు కూడా వచ్చాయి. తెగకుండా వచ్చింది. ఆమె దాన్ని పొయ్యిలో వేసి, చేతులకు బూడిద రాసుకుని కడుక్కుంది. నన్ను లేచి నిలబడమంది. నిలబడ్డాను. నడవమంది. గుమ్మం దాకా నడిచి వచ్చాను. ఆమె కళ్లు నా మీద లేవు, పెరట్లో ఉన్న పాప మీద ఉన్నాయి.

పాపకు రాలేదు. ఇన్‌స్పెక్టరు చెప్పిన ఏడాది దాటింది, ఇంకా కొన్నాళ్లు దాటింది. వానలు పడ్డాయి, శెనగ విత్తనం పడింది. ఇంక రాదని నాకు నమ్మకం చిక్కిన రోజు, చక్కెర వేసి పాయసం చేశాను. మా ఆయనకు ఎందుకో తెలియదు, రెండోసారి అడిగి పోయించుకున్నాడు. మా అత్త వద్దనలేదు. తను కూడా తిని, పాప తడి నేల మీద పరిగెడుతుంటే చూస్తూ కూర్చుంది. "జారతావు, మెల్లగా" అని అరిచే మనిషి ఆ పూట అరవలేదు.

"మాది గూడా ఇట్లనే పరిగెత్తేది" అంది కాసేపటికి. నేను ఆమె వైపు చూడలేదు. చూస్తే ఆ మాట అక్కడితో ఆగిపోతుందని భయం. "కొంగు పట్టుకుంటే ఇడిపించుకొని పోయేది. పట్టుకోలేకపోయేదాన్ని" అంది.

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. పీడ వదిలింది, ఆమెకు కూడా వదిలే ఉంటుంది అనుకున్నాను. పొద్దున లేచి పొయ్యి ముట్టిస్తుంటే, ఆమె గుమ్మంలో ఎండ పడే చోట పాపను కూర్చోబెట్టుకుని ఉంది. పాప కాలు ఒళ్లో పెట్టుకుని, తొడ నుంచి కిందికి అరచేత్తో నిమురుతోంది. పాప నవ్వుతోంది.

"ఏడాది దాటిపాయ కదత్తా" అన్నాను.

"దాటిపాయ. తెలుసు నాకు" అంది. కాలు వదల్లేదు. "ఊరికే చూడనీ."

నేను పొయ్యి వదిలి పోయి, వాళ్ల పక్కన కూర్చుని, పాప రెండో కాలు ఎత్తి ఎండలో ఆమెకు చూపించాను.